సమస్య ఎవరిది, సాధన ఎవరిది? – కామారెడ్డి, ఎల్లారెడ్డి బడుల్లో డిజిటల్ చదువు

బడికి కంప్యూటర్ వస్తే చదువు మారుతుందని నలభై ఏండ్ల నుంచి వింటున్నం. ఇప్పుడు మాట కొంచెం మారింది. కంప్యూటర్ నేర్పితే చాలదట, కంప్యూటర్‌తో సమస్యలు సాధించడం నేర్పాలట. ఒకటో తరగతి నుంచి పదో తరగతి దాకా మెట్లు మెట్లుగా నేర్పాలట. మంచిదే. ఈ మాటను కాదనేవాళ్ళం మనం కాము. చదువుకు దూరం పెట్టబడ్డ చరిత్ర మనది గనుక ఏ కొత్త చదువు వచ్చినా రెండు చేతులా అందుకోవాల్సిందే. కానీ అందుకునే ముందు మూడు ప్రశ్నలు అడగాలె. 'సమస్య' అంటే ఏంది? దాన్ని పిల్లల ముందు పెట్టేదెవరు? సాధించినంక ఫలితం ఎవరికి పోతది? ఈ మూడూ అడగకుండా డిజిటల్ చదువును పొగిడేవాళ్ళూ, తిట్టేవాళ్ళూ ఒకే తప్పు చేస్తున్నరని ఈ వ్యాసంలో నా వాదన.

నేను ఎల్లారెడ్డి దిక్కు ఒక ఊరి మాదిగవాడ నుంచి వచ్చిన. మా ఇంట్ల డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే. మా అవ్వ బీడీలు చేసి నన్ను చదివించింది. కామారెడ్డి 2016 అక్టోబర్ 11న జిల్లా అయింది, అంతకుముందు మనది నిజామాబాద్ జిల్లా. జిల్లా ఒక్కటే అయినా లోకాలు రెండు. కామారెడ్డికి రైలుంది, నాగపూర్ దాకా పోయే జాతీయ రహదారి ఉంది, 'టెక్నో' అని బోర్డు పెట్టుకున్న ప్రైవేటు బడులున్నయి. ఎల్లారెడ్డికి రైలు లేదు. ఒక దిక్కు నిజాంసాగర్ నీళ్ళు, ఇంకో దిక్కు అడివి, తండాలు. కామారెడ్డి ప్రైవేటు బడి పిల్లకూ, ఎల్లారెడ్డి దిక్కు సర్కారు బడి పిల్లకూ ఒకే 'సమస్యా సాధన' నేర్పుతమంటే, ఆ 'ఒకే' అన్నమాటనే మొదలు పరీక్షకు పెట్టాలె.

అవధానం సమస్య, వాడ సమస్య

తెలుగులో 'సమస్య' అన్నమాటకు రెండు బతుకులున్నయి. ఒకటి అవధాన సభలో ఉంటది. పృచ్ఛకుడు అర్థం తలకిందులైన ఒక పద్యపాదం ఇస్తడు. అవధాని తక్కిన పాదాలు కట్టి దానికి అర్థం కుదురుస్తడు. సభ చప్పట్లు కొడుతది. ఆ సమస్యను పుట్టించినాయనకు దానితో ఏ బాధా లేదు, తీర్చినాయనకూ లేదు. అది తెలివిని చూపెట్టుకునేటందుకు తయారుచేసిన చిక్కు. ఇంకొకటి వాడలో ఉంటది. నీళ్ళ సమస్య, పట్టా సమస్య, పింఛన్ సమస్య. దీన్ని ఎవరూ తయారుచేసి ఇయ్యరు. అది వచ్చి ఇంట్ల కూసుంటది. దాన్ని తీర్చుకుంటే చప్పట్లుండవు, ఆ పూటకు ఊపిరి తీసుకుంటం అంతే.

మన బడి గణితం చాలావరకు మొదటి జాతిది. తొట్టి లెక్క అందరికీ యాదికుంటది. ఒక పంపు తొట్టిని నింపుతది, ఇంకో పంపు ఖాళీ చేస్తది, రెండూ తెరిస్తే తొట్టి ఎన్ని గంటల్లో నిండుతది? బోరింగు కాడ బిందె పట్టుకొని నిలబడ్డ పిల్లకు ఈ లెక్క చదవంగనే ఒక అనుమానం వస్తది. ఆ రెండో పంపును ఎవరు తెరిచిపెట్టిండ్రు? ఎందుకు కట్టేస్తలేరు? ఇది తెలివితక్కువ ప్రశ్న కాదు. సమస్యను దాని మూలం కాడ పట్టుకునే ప్రశ్న. కానీ దీనికి మార్కులుండవు. రెండు భిన్నాలు తీసేస్తేనే మార్కులు.

డిజిటల్ పాఠం వచ్చినంక తొట్టి పోయి తెర వచ్చింది. తెర మీద పిల్లి బొమ్మ. దాన్ని పది అడుగులు నడిపించాలె, గోడ తగిలితే తిప్పాలె, చిక్కుదారిలోంచి బయటపడెయ్యాలె. ఆట బాగుంటది, పిల్లలు నవ్వుతరు. నేను ఆటకు వ్యతిరేకం కాదు. అయితే ఆ చిక్కుదారిని గీసినోళ్ళు ఎక్కడనో ఉన్నరు. గోడలు ఎక్కడుండాలో వాళ్ళే నిర్ణయించిన్రు. పిల్లకు మిగిలింది బయటపడే పని మాత్రమే. గోడను ప్రశ్నించే మీట ఆ ఆటలో లేదు.

డ్యూయీ నుంచి మహద్ దాకా

సమస్యను సాధించడం మీద బడిపంతుళ్ళు ఎక్కువగా చెప్పే పేరు జార్జ్ పోల్యా. 1945లో వచ్చిన ఆయన పుస్తకం నాలుగు మెట్లు చెప్పింది: సమస్యను అర్థం చేసుకో, ఉపాయం ఆలోచించు, అమలు చెయ్యి, వెనక్కి తిరిగి చూడు. 2006లో జెనెట్ వింగ్ 'గణన ఆలోచన' అన్నమాటను ప్రచారంలోకి తెచ్చింది. పెద్ద సమస్యను ముక్కలు చెయ్యడం, పోలికలు పట్టడం, అనవసరమైనదాన్ని పక్కన పెట్టడం, మెట్లను వరుసగా రాయడం, ఇవన్నీ కంప్యూటర్ శాస్త్రం వాళ్ళకే కాదు అందరికీ కావాల్సినవని ఆమె వాదన. 2020 జాతీయ విద్యా విధానం ఈ మాటనే ఎత్తుకొని, మాధ్యమిక దశ నుంచి కోడింగ్ పనులు పెట్టాలన్నది.

వీళ్ళందరికంటె ముందు 1910లో జాన్ డ్యూయీ 'మనం ఎట్ల ఆలోచిస్తం' అని ఒక పుస్తకం రాసిండు. ఆలోచనకు ఐదు అంచెలు చెప్పిండు. మొదటి అంచె సమస్యను అర్థం చేసుకోవడం కాదు. ఒక ఇబ్బంది తగలడం. మనిషికి ఏదో అడ్డం పడాలె, నొప్పి తెలవాలె. ఆ ఇబ్బంది ఎక్కడున్నదో గుర్తించడం రెండో అంచె. ఉపాయం తట్టడం, దాని మంచిచెడ్డలు విచారించడం, పరీక్షించి చూడడం తర్వాతి సంగతులు. బడులు పోల్యా నాలుగు మెట్లను పాటిస్తున్నమంటయి గానీ, డ్యూయీ మొదటి అంచెను దాటేసి పోతయి. పిల్లకు తగలని ఇబ్బందిని పిల్ల చేత తీర్పిస్తయి.

ఈ డ్యూయీ కాడనే కొలంబియా విశ్వవిద్యాలయంలో అంబేద్కర్ చదువుకున్నడు. 1913 నుంచి 1916 దాకా అక్కడున్నడు. డ్యూయీ ప్రభావం తన మీద ఉన్నదని దాచుకోలేదు కూడా. 1927 మార్చి 20న మహద్‌ల చవదార్ చెరువు నీళ్ళు ముట్టినప్పుడు ఆయన చేసింది ఏంది? చెరువు అందరిదని కాగితం మీద మునిసిపాలిటీ ఎప్పుడో రాసింది. నీళ్ళు మాత్రం అందరివి కాలేదు. కాగితానికీ నీళ్ళకూ నడుమ ఉన్న ఇబ్బందిని వేలమంది ముందు పెట్టి, దాన్నే సమస్యగా నిర్వచించిండు. నేను దీన్ని సమస్యా సాధన పాఠంగనే చదువుత. సమస్యను నిర్వచించే హక్కును చేతిలోకి తీసుకోవడమే అందులో పెద్ద అడుగు.

ఫూలే ఇంకా ముందు చెప్పిండు. 1882లో హంటర్ కమిషన్‌కు ఇచ్చిన నివేదనలో, పల్లె పిల్లలకు రాత, లెక్కలతో పాటు వ్యవసాయం, ఆరోగ్యం గురించిన తెలివి కావాలన్నడు. సేద్యం చేసే కులాల నుంచి వచ్చినోళ్ళు, అవసరమైతే నాగలి పట్టగలిగినోళ్ళు, పంతుళ్ళు కావాలన్నడు. పని తెలిసిన మనిషే చదువు చెప్పాలన్న ఆ డిమాండ్ నూట నలభై ఏండ్లు దాటినా అట్లనే ఉన్నది.

యంత్రం వచ్చిన దారి

యంత్రం మన బడులకు ఏ దారిలో వచ్చిందో చూద్దాం. 1984లో కేంద్రం 'క్లాస్' అనే పథకం కింద కొన్ని ఎంపికచేసిన బడులకు బీబీసీ మైక్రో కంప్యూటర్లు ఇచ్చింది. 2004లో సర్కారు బడులకు కంప్యూటర్ విద్య పథకం వచ్చింది. ఉమ్మడి రాష్ట్రంలో ఆ పనిని ప్రైవేటు కంపెనీలకు కాంట్రాక్టు కిచ్చిన్రు. యంత్రం కంపెనీది, శిక్షకుడు కంపెనీ మనిషి, గది మాత్రం బడిది. కాంట్రాక్టు ముగిసినంక శిక్షకులు రోడ్డు మీద పడ్డరు, యంత్రాలు మూలకు పడ్డయి. పాఠశాల విద్యాశాఖలో గణితానికీ హిందీకీ ఉన్నట్టు కంప్యూటర్‌కు పక్కా పోస్టు పెట్టి మనిషిని నిలబెట్టాలన్న ఆలోచన రాలేదు. సబ్జెక్టు ఉండాలె గానీ సార్ ఉండనక్కరలేదన్నట్టు.

2020లో కరోనా వచ్చి బడులు మూతపడ్డయి. సెప్టెంబర్ 1 నుంచి తెలంగాణలో మూడో తరగతి మొదలు పదో తరగతి దాకా పిల్లలకు దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ఛానెళ్ళలో పాఠాలు చెప్పిన్రు. టీవీని ఎంచుకోవడం ఒక రకంగ సరైనదే, ఫోన్ కంటె టీవీ ఎక్కువ ఇండ్లల్లో ఉన్నది గనుక. కానీ టీవీకి ప్రశ్న వినబడదు. పిల్ల చెయ్యెత్తితే చూడదు. అంతకుముందు 2017-18 జాతీయ నమూనా సర్వే లెక్క ప్రకారం దేశంలో పల్లె కుటుంబాల్లో కంప్యూటర్ ఉన్నవి 4.4 శాతం, ఇంటర్నెట్ అందుబాటు ఉన్నవి 14.9 శాతం. పట్నం కుటుంబాల్లో అవి 23.4, 42 శాతం. ఈ అంకెల మీద ఆన్‌లైన్ చదువు కట్టిన్రు. అదే 2020లో వైట్‌హ్యాట్ జూనియర్ అనే కంపెనీ ఆరేండ్ల పిల్లలకు కోడింగ్ నేర్పకుంటే బతుకు వెనుకబడుతదన్నట్టు ప్రచారం చేసింది. ఆగస్టులో దాన్ని బైజూస్ 30 కోట్ల డాలర్లకు కొన్నది. ఒక దిక్కు ఇంట్ల ఫోన్ లేక చదువు ఆగిన పిల్లలు, ఇంకో దిక్కు కోడింగ్ భయం అమ్మే బజారు. ఈ రెండూ ఒకే ఏడు జరిగినయి.

ఆ తర్వాత 2022లో 'మన ఊరు మన బడి' వచ్చింది. 26 వేల పైచిలుకు బడుల్లో వసతులు బాగుచేస్తమన్నరు, వాటిలో డిజిటల్ వసతులు కూడా ఒకటి. 2023-24 యూడైస్ లెక్కల ప్రకారం దేశంలో పనిచేసే కంప్యూటర్ ఉన్న బడులు 57.2 శాతం, ఇంటర్నెట్ ఉన్నవి 53.9 శాతం. 2025 జులైలో రాష్ట్ర ప్రభుత్వం ఆరు స్వచ్ఛంద సంస్థలతో ఒప్పందాలు చేసుకున్నది. కోడింగ్, గణన ఆలోచన నేర్పడం అందులో భాగం. అంటే యంత్రం వస్తున్నది, పాఠం కూడా వస్తున్నది. కంపెనీ స్థానంలో సంస్థ వచ్చింది. బడి సొంత సార్ మాత్రం ఇంకా రాలేదు. ఒప్పందం ముగిసినంక ఎవరుంటరన్న ప్రశ్న 2004లో అడగలేదు, ఇప్పుడన్నా అడగాలె.

గది తాళం

నేను చదివిన హైస్కూలుకు నేను తొమ్మిదిలో ఉన్నప్పుడు కంప్యూటర్లు వచ్చినయి. ఆ గదిని ఊడ్చేది మేం ఆడపిల్లలం, అందులో ఎక్కువ మా వాడోళ్ళం. దుమ్ము పడితే యంత్రం ఖరాబైతదని రోజూ ఊడిపిచ్చేది. పాఠం రోజు మాత్రం ఒక్కో యంత్రం ముందు నలుగురైదుగురు. మౌస్ పట్టేది ముందు కూసున్న పిల్లలు. వాళ్ళు ఎవరి పిల్లలో నేను చెప్పనక్కరలేదు. నాకు చెయ్యి అందేసరికి గంట కొట్టేది. ఒకసారి నేను ముందుకు జరిగితే, "చేతులు కడుక్కొని వచ్చినవా?" అని అడిగిన్రు. అందరినీ అడగలేదు. నా వేళ్ళకు అవ్వతో కూసొని చుట్టిన బీడీల తంబాకు వాసన ఉంటుండె, నిజమే. కానీ ఆ ప్రశ్నలో వాసన ఒక్కటే లేదని పదిహేనేండ్ల పిల్లకు కూడా తెలుస్తది.

దీన్ని ఒక మనిషి చెడ్డతనంగా నేను చెప్తలేను. గదిలో పది యంత్రాలు, యాభై మంది పిల్లలు ఉన్నప్పుడు ఎవరి చెయ్యి ముందు పడుతదో ఊరే నిర్ణయిస్తది. 1999లో ఢిల్లీ కాల్కాజీలో సుగతా మిత్రా గోడకు రంధ్రం చేసి కంప్యూటర్ పెట్టిండు. పిల్లలు ఎవరూ నేర్పకుండనే నేర్చుకుంటరని చెప్పిండు. ప్రపంచమంతా మెచ్చుకున్నది. ఆ గోడను తెచ్చి మా ఊళ్ళ రచ్చబండ కాడ పెడితే ఎవరు ముందు నిలబడుతరో, ఎవరు వెనుక నుంచి తొంగిచూస్తరో ఊహించడానికి పరిశోధన అవసరం లేదు. మగపిల్లలు నెట్టుకుంటరు, ఊరి నడుమ ఇండ్ల పిల్లలు ముందుంటరు, వాడ ఆడపిల్ల చెల్లెను సంకన ఏసుకొని దూరం నుంచి చూస్తది. పంతులు లేని యంత్రం కులం లేని యంత్రం కాదు. సరైన పంతులు ఉన్నప్పుడే వంతులు పెట్టి ఆ వెనుకున్న పిల్లను ముందుకు తెస్తడు.

ఆకు, తూము

ఇప్పుడు మనవాళ్ళ కాడ ఏ సాధన లేదా అన్న సంగతి చూద్దాం. బీడీ ఆకు కత్తిరించే చేతిని మీరు ఎప్పుడన్న నిదానంగా చూసిన్రా? తునికాకు ఒక్కటి ఒక్కతీరు ఉంటది. ఒకదానికి చిల్లులు, ఒకదానికి ఈనె లావు, ఒకటి ఎండి పగులుతది. దాన్ని తడిపి, కొలత రేకు పెట్టి, చిల్లులు తప్పించి, ఈనె అడ్డం రాకుండ, ఎక్కువ ముక్కలు వచ్చేటట్టు కత్తెర తిప్పాలె. వెయ్యి బీడీలకు టేకేదారు తూచి ఇచ్చిన ఆకుల్లనే వెయ్యి తీయాలె. తక్కువ పడితే సొంత పైసలతో ఆకు కొనాలె. ఉన్న వస్తువు కొంచెం, కావాల్సింది ఎక్కువ, హద్దులు గట్టివి. ఇట్లాంటి లెక్కలకు విశ్వవిద్యాలయాల్లో ప్రత్యేకంగా పాఠాలున్నయి. మా అవ్వ దాన్ని ఒక్కో ఆకుకు రెండు మూడు క్షణాల్లో చేస్తది. బడి మా అవ్వను 'నిరక్షరాస్య' అని రాసుకున్నది.

నీరటిని చూడండి. చెరువు తూము తీసి, కట్టి, ఏ మడికి ఎప్పుడు ఎన్ని నీళ్ళో చూసేది నీరటి. మన తెలంగాణ ఊళ్ళల్లో ఆ పని ఎక్కువగా మన కులాలదే. చెరువు నిండుగ ఉన్నప్పుడు ఒక పద్ధతి, సగమున్నప్పుడు వంతులు, అడుగుకు వచ్చినప్పుడు వేరే పద్ధతి. కాలువ చివరి మడి ఎండకుండ పై మడిని ఎప్పుడు కట్టెయ్యాల్నో నీరటి మనసులో ఉంటది. ఇది జరిగితే అది చెయ్యి, లేకుంటే ఇది చెయ్యి. కంప్యూటర్ వాళ్ళు అల్గారిథం అనేది ఇదే. ఊరందరికీ నీళ్ళు పంచిన ఆ మనిషికి ఊరి బావి కాడ నీళ్ళు చేదుకునే హక్కు లేకుండె. ఇంత తెలివి గల మనిషిని రాజ్యం మస్కూరు, కావలికారు వరుసలో చిన్న చాకిరిగానే చూసింది. 2023లో ఆ వీఆర్‌ఏ వ్యవస్థనే ఎత్తేసి మనుషులను వేరే శాఖల్లో సర్దిన్రు. వాళ్ళకు ఉద్యోగం పక్కా అయింది, అది మంచిది. తూము తెలివి మాత్రం ఏ పుస్తకంలోకీ ఎక్కకుండ పోతున్నది.

కంచ ఐలయ్య 2007లో పిల్లల కోసం రాసిన ఇంగ్లీషు పుస్తకంలో కుమ్మరి, మాదిగ, చాకలి, మంగలి పనుల వెనుక ఉన్న శాస్త్రాన్ని చెప్పిండు. ఆ దారిలో ఒక అడుగు ముందుకు పోవాలె. పనిలో శాస్త్రం ఉన్నదని పిల్లకు చెప్తే సరిపోదు. ఆ పనిలో సమస్య ఉన్నదని, ఆ సమస్యను కొలవవచ్చునని, కొలిచి అడగవచ్చునని కూడా నేర్పాలె. డిజిటల్ సాధనం అక్కడ పనికొస్తది.

తరగతులవారీగా ఏం చెయ్యాలె?

విమర్శ చేసి ఊరుకుంటే లాభం లేదు. టీచర్ మిత్రులు "అయితే ఏం చెప్పమంటరు?" అని అడుగుతరు. నాకు తోచింది చెప్త.

ఒకటి, రెండు తరగతుల్లో తెర అక్కరలేదు. ఆకులు, గింజలు, రాళ్ళు వేరుచెయ్యడం, ఒక పనిని మెట్లుగా చెప్పడం చాలు. రొట్టె ఎట్ల చేస్తరో పిల్ల తన ఇంటి మాటల్లో చెప్పాలె. లంబాడా పిల్ల గోర్‌బోలిల చెప్పినా ఒప్పుకోవాలె. ఒక మెట్టు తప్పితే ఏమైతదో చూడాలె. మెట్ల వరుస అక్కడనే పడుతది.

మూడు నుంచి ఐదు దాకా ఫోన్‌ను కొలిచే పనిముట్టుగా వాడాలె. ఊళ్ళ, వాడల, తండాల బోరింగులెన్ని, పనిచేసేవెన్ని? ఫోటో తీసి, లెక్కబెట్టి, చేతితో గీసిన పటం మీద గుర్తు పెట్టాలె. నాయినమ్మ చెప్పిన చెరువు కథను రికార్డు చెయ్యాలె. ఊరి పటంలో తన ఇల్లు ఎక్కడున్నదో పిల్ల మొదటిసారి చూస్తది. ఎందుకక్కడున్నదని అడుగుతది. అడగనియ్యాలె.

ఆరు నుంచి ఎనిమిది దాకా గడుల పట్టిక, అంటే స్ప్రెడ్‌షీట్, నేర్పాలె. సగటు, నిష్పత్తి, శాతం ఈ తరగతుల్లోనే ఉన్నయి. బొమ్మల కోడింగ్ కూడా ఇక్కడనే. పిల్లికి బదులు చెరువు పెట్టండి. పది మళ్ళు, కొన్ని నీళ్ళు. మొదలు పై మడికి అనే నియమం రాసి నడిపించండి, తర్వాత మొదలు చివరి మడికి అని మార్చండి. ఏ నియమంతో ఎవరి మడి ఎండుతున్నదో తెర మీద కండ్లముందు కనబడుతది. నియమం దేవుడిచ్చింది కాదు, మనిషి రాసిందని, తిరగరాయవచ్చునని పిల్లకు అర్థమైతది. సేమోర్ పేపర్ట్ కోరిందీ ఇదే. యంత్రం పిల్లను నడిపించొద్దు, పిల్లనే యంత్రాన్ని నడిపించాలని 1980లోనే ఆయన వాదించిండు.

తొమ్మిది, పదిలో రాజ్యం లెక్కలను చదవాలె. ప్రతి బడికి పదకొండు అంకెల యూడైస్ నంబర్ ఉంటది. తమ బడి వివరాలు తీసి, కంప్యూటర్లు పనిచేస్తున్నయని రాసి ఉంటే గదిలకు పోయి లెక్కబెట్టాలె. తేడా ఉంటే 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు రాయడం నేర్వాలె. ఇంకో పాఠం పేర్లది. ఆధార్‌ల లక్ష్మి, పీఎఫ్ కాగితంల లచ్చవ్వ. మనిషి ఒక్కతే గానీ యంత్రానికి ఇద్దరు. యంత్రం అక్షరం అక్షరం ఎట్ల పోలుస్తదో పిల్లలే చిన్న ప్రోగ్రాం రాసి చూడొచ్చు. బీడీ పింఛన్ కోసం తిరిగి తిరిగి వచ్చిన ముసలమ్మకు 'నీ తప్పు కాదు' అని చెప్పగలిగే తెలివి అది.

ఇది చిన్న సంగతి కాదు. మన పెద్దలకు డిజిటల్ అంటే ఆట కాదు. 2020 అక్టోబర్ 29న ధరణి వచ్చింది, తెర మీద పేరు లేకుంటే దున్నిన భూమి లేనట్టే అయింది. 2025 ఏప్రిల్ 14న దాని స్థానంలో భూభారతి తెచ్చిన్రు. 2023 జనవరి 1 నుంచి ఉపాధి పనికి ఫోన్ ఫోటో హాజరు తప్పనిసరి చేసిన్రు, సిగ్నల్ లేని కాడ చేసిన పని లెక్కకు రాకుండ పోయే గతి పట్టింది. తల్లిదండ్రుల మీద నడుస్తున్న యంత్రాన్ని విప్పి చూడడం పిల్లలకు నేర్పని డిజిటల్ చదువు ఎవరికోసం?

రెండు అభ్యంతరాలు

మొదటి అభ్యంతరం మన ఉద్యమ మిత్రులదే, బరువైనది. "వాళ్ళ పిల్లలకు కృత్రిమ మేధ, మన పిల్లలకు మళ్ళా బీడీ లెక్కనా?" అంటరు. ఈ భయానికి చరిత్ర ఉన్నది. 1953లో మద్రాసు రాష్ట్రంలో రాజాజీ ప్రాథమిక బడి వేళలు తగ్గించి, మిగతా పూట పిల్లలు ఇంటి వృత్తి నేర్చుకోవాలన్నడు. కులవిద్య అని పెరియార్ దాని మీద పోరాడిండు. 1954లో రాజాజీ దిగిపోయిండు, పథకం పోయింది. పని పేరుతో మనల్ని మళ్ళా పనికే కట్టేసే చదువు మనకు వద్దు. నేను చెప్పేది దానికి ఎదురుదిక్కు. రాజాజీ పిల్లను బడి నుంచి వృత్తిలోకి పంపిండు. నేను వృత్తిని బడిలోకి పిలిచి, దాని కూలి రేటును తెర మీద పెట్టి అడగమంటున్న. ఇంకో సంగతి, ఈ పాఠం వాడ పిల్లకు మాత్రమే చెప్తే అది కులవిద్యనే అయితది. కామారెడ్డి టెక్నో బడిలో దొరల పిల్ల కూడా బీడీ ఆకు లెక్క చెయ్యాలె, నీరటి నియమం రాయాలె. చెయ్యకుంటే ఆ పిల్లకు సమస్యా సాధన రాలేదని మార్కులు తియ్యాలె.

గురుకులాలు ఈ భయానికి ఒక జవాబు ఇచ్చినయి. సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు పర్వతాలెక్కిన్రు, కోడింగ్ నేర్చిన్రు. అది మనకు గర్వం. కానీ గురుకులం ఎంపికైన పిల్లలది. ఎంపిక కాని పిల్ల వాడ పక్క బడిలోనే ఉంటది. ఆ బడిని వదిలేస్తే మనలోనే కొత్త గీత పడుతది.

రెండో అభ్యంతరం నాకే ఎదురైంది. పోయిన ఎండాకాలం సెలవుల్లో మా వాడ పిల్లలు ఆరుగురితో ఈ పని చేసి చూసిన. తల్లుల బీడీ ఖాతా పుస్తకాలు తెచ్చి ఫోన్‌ల గడుల పట్టికకు ఎక్కించినం. ఏ వారం ఎన్ని బీడీలిచ్చిన్రు, ఎన్నింటిని బాగలేవని తీసేసిన్రు, ఎంత పైస వచ్చింది. ఏడో తరగతి పిల్ల ఒకతి తీసివేతల గీత గీసి, "అక్కా, ఆకు మంచిగ లేని వారంలనే మన బీడీలు బాగలేవంటున్నరు. ఆకు ఎవరిచ్చిన్రు మరి?" అన్నది. ఆ ప్రశ్న వినంగనే నాకు పీహెచ్‌డీ కంటె ఎక్కువ సంబురమైంది. ఆ సంబురం రెండు రోజులే. మూడో రోజు ఒక తల్లి వచ్చి, "బిడ్డా, నా పేరు అందులకెల్లి తీసెయ్యి. టేకేదారుకు తెలిస్తే ఆకు బంద్ చేస్తడు. నువ్వు హైదరాబాద్ పోతవు, నేనెక్కడికి పోవాలె?" అన్నది. తీసేసిన. మిగతా పేర్లు కూడా తీసేసినం.

ఇట్లాంటి తగాదాలు తీర్చడానికి 1966 బీడీ, సిగార్ కార్మికుల చట్టంలో దారి ఉండె. ముడిసరుకు ఇచ్చే కాడ, బీడీలు తీసేసే కాడ తగాదా వస్తే నిర్ణీత అధికారి ముందు పెట్టొచ్చని అందులో రాసి ఉన్నది. ఆ చట్టం 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌లలో కలిసిపోయింది. చట్టం ఉన్న కాలంలోనూ ఒంటరి తల్లి ఆ అధికారి కాడికి పోలేకపోయింది. పట్టికకు ఆ ధైర్యం లేదు. పట్టిక జవాబు చూపెడుతది, జవాబుకు కావలి ఉండదు. ఆ కావలి సంఘం చెయ్యాలె, యూనియన్ చెయ్యాలె.

అందుకనే డిజిటల్ సమస్యా సాధనను ఒక్క బడి పనిగా చూస్తే సరిపోదంటున్న. పోల్యా చివరి మెట్టు వెనక్కి తిరిగి చూడమంటది. మన పాఠంలో ఇంకో మెట్టు కలపాలె. ఈ జవాబు బయటికొస్తే ఎవరి బువ్వ మీద పడుతది, వాళ్ళ పక్కన ఎవరు నిలబడుతరు? ఇది అడగకుండ పిల్లల చేత సమాచారం సేకరిస్తే మనం కూడా వాడను వాడుకున్నట్టే. పరిశోధకులం మనకు ఈ జబ్బు ఎక్కువ, ఒప్పుకోవాలె.

మరి ఏం అడుగుదాం? ప్రతి హైస్కూలుకు ఒప్పందం మనిషి కాకుండ పక్కా కంప్యూటర్ టీచర్ కావాలె. యంత్రం ముందు వంతుల పట్టిక గోడకు అంటించాలె, అందులో ఆడపిల్లల వంతు ముందుండాలె. పాఠంలో సగం సమస్యలు ఆ ఊరి నుంచి రావాలె, వాటిని రాసే కాడ కూలీ తల్లులు, నీరటి పెద్దలు కూసోవాలె. పిల్లలు తీసిన లెక్కలను వినడానికి గ్రామసభలో ఒక పూట ఉండాలె. వీటిలో ఏదీ పెద్ద పైసల పని కాదు.

ఇవి చాలవని నాకు తెలుసు. కామారెడ్డి, ఎల్లారెడ్డి, బాన్సువాడ దిక్కు పనిచేసే టీచర్ మిత్రులు తమ తరగతిలో చేసిన ప్రయోగాలు, చెడిపోయినవి కూడా, రాసి పంపాలని కోరుతున్న. ఆ ఏడో తరగతి పిల్ల ఈ ఏడు ఎనిమిదికి వచ్చింది. మొన్న ఊరికి పోతే, "అక్కా, పేర్లు లేకుండ మళ్ళా చేద్దామా?" అని అడిగింది. వాళ్ళ అవ్వను అడిగి చెప్తనన్న. ఇంకా అడగలేదు.